అల్లుడికి ఏ పాస్‌వర్డ్

మా ఇంటికి ఎవరొచ్చినా మా మామయ్య ముందు మంచినీళ్ళు ఇస్తారు, ఆ వెంటనే వైఫై పాస్‌వర్డ్ ఇస్తారు. నీళ్ళు అడిగేదాకా ఆగడం ఎంత తప్పో, పాస్‌వర్డ్ అడిగేదాకా ఆగడం కూడా అంతే తప్పని ఆయన ఉద్దేశం. ఉద్యోగం నుంచి రిటైరైన దగ్గర్నుంచి వరండాలో కుర్చీ ఆయనది. గేటు తీసిన మనిషి చెప్పులు విడిచేలోపే, "ఫోన్ తియ్యి బిడ్డా, నే చెప్త, కొట్టుకో" అని ఒక్కో అక్షరం పలకడం మొదలుపెడతారు. ఆయన గొంతు చిన్నది కాదు. మా సందులో సగం ఇళ్ళకు మా పాస్‌వర్డ్ అలాగే చేరింది.

నేను సూర్యాపేట కోర్టులో వకీలును. ఇంట్లోనే కుడివైపు గది నా ఆఫీసు. వాయిదా ఉన్న రోజున పల్లెల నుంచి జనం మొదటి బస్సుకే వచ్చి దిగుతారు. కోర్టు మొదలయ్యేదాకా వాళ్ళు ఎక్కడ కూర్చోవాలి? మా వరండాలోనే. ఫోన్లు చూసుకుంటూ, మామయ్యతో వానల గురించీ పంటల గురించీ మాట్లాడుకుంటూ ఉంటారు. నాకు అందులో ఇబ్బందేమీ కనిపించేది కాదు. టీ పెట్టే ఓపిక లేని రోజు వైఫైతోనే మర్యాద నిలుపుకోవచ్చు కదా అని సంతోషించేదాన్ని కూడా.

ఆఫీసులో నా లాప్‌టాప్, గుమస్తా కంప్యూటర్, ఒక ప్రింటర్ ఉన్నాయి. నేను రాసింది గుమస్తా చూడాలి, గుమస్తా టైపు చేసింది నేను దిద్దాలి. అందుకని ఇద్దరికీ కలిపి ఒక ఫోల్డర్ తెరిచి పెట్టుకున్నాం. దానికి వేరే తాళమేమీ లేదు. మా గుమస్తా పెద్దాయన. పాస్‌వర్డ్ పెడితే మరిచిపోతాడు, కాగితం మీద రాసిస్తే ఆ కాగితం పోగొడతాడు. ఆఫీసు యంత్రాలు, హాల్లో టీవీ, మామయ్య టాబ్, వచ్చినవాళ్ళ ఫోన్లు, అన్నీ ఒకే దండెం మీద ఆరేసిన బట్టల్లా ఒకే వైఫైని పట్టుకుని ఉండేవి. ఇలా ఉంటే ఏమవుతుందో నాకు ఒక జడ్జిగారు చెప్పాల్సి వచ్చింది.

మా ఆడబిడ్డను కోదాడ ఇచ్చారు. ఆమె భర్తను నేను అన్నయ్య అంటాను. ఆయనకు ఇల్లు కోదాడలో, రైస్ మిల్లు మిర్యాలగూడలో, వ్యవహారాలు సూర్యాపేట మార్కెట్‌లో. ఈ మూడు ఊళ్ళ మధ్య కారులో తిరుగుతూ, దారిలో మా ఇంట్లో భోజనం చేసి, హాల్లో కూర్చుని లాప్‌టాప్ తెరిచి మిల్లు పని చూసుకోవడం ఆయనకు అలవాటు. మంచి మనిషి. అన్నంలోకి ఏం వేసినా బాగుందంటాడు. ఒకరోజు ఆయన లారీ కాగితం ఒకటి ప్రింట్ కొట్టాడు. అది నా ఆఫీసు ప్రింటర్‌లో వచ్చింది. అప్పుడే మా గుమస్తా ఒక అన్నదమ్ముల భాగాల దావా ప్రింట్ తీస్తున్నాడు. లారీ కాగితాన్ని కూడా అందులోనే కలిపి, కుట్టి, కోర్టులో దాఖలు చేసేశాడు.

జడ్జిగారు పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒక చోట ఆగారు. కళ్ళజోడు సర్దుకున్నారు. "అమ్మా, ఇది అన్నదమ్ముల పంపకాల దావా కదా. మధ్యలో ఈ వడ్ల తేమ శాతం ఏమిటి?" అన్నారు. కోర్టు హాలంతా నవ్వింది. అవతలి వకీలు నవ్వాపుకోలేక బయటికే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు బార్ రూములో ఎవరూ నన్ను నమస్తే అని పలకరించలేదు. "మేడం, ఇవాళ తేమ ఎంత?" అనే పలకరింపు.

నాకు కోపం తొందరగా వస్తుంది, అది ఇంట్లో అందరికీ తెలుసు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, వచ్చినవాళ్ళ ఫోన్లూ లాప్‌టాప్‌లూ నా ఆఫీసు జోలికి రాకుండా వేరు చేయాల్సిందేనని చెప్పాను. మా ఆయన జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. ఆయనకు అసలు తెలియని విషయం లేదు, పూర్తిగా తెలిసిన విషయమూ లేదు. "అదెంత పని, ఆదివారం చేద్దాం" అన్నారు.

ఆదివారం పొద్దున రూటర్ ముందు కూర్చున్నాం. దాని లోపలి పేజీలు తెరిస్తే, అతిథుల కోసం వేరే వైఫై పెట్టుకునే సదుపాయం మొదటి నుంచీ అందులోనే ఉంది. దాన్ని ఆన్ చేసి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ ఇస్తే చాలు. అందులో చేరినవాళ్ళకు ఇంటర్నెట్ వస్తుంది కానీ ఇంట్లోని కంప్యూటర్లు, ప్రింటర్ కనిపించవు. వరండా దాకా రావచ్చు, వంటింట్లోకి రాకూడదు, అంతే సంగతి. ఈ మాత్రం దానికి మా ఆయన ఏం నొక్కారో ఏమో, మొదట ఇల్లంతా నెట్ పోయింది. హాల్లో మామయ్య చూస్తున్న సీరియల్ ఆగిపోయింది. "కోడలు అత్తను ఏదో అనబోయింది, గప్పుడే ఆగింది" అని ఆయన పది నిమిషాలకోసారి వచ్చి మా నెత్తి మీద నిలబడ్డారు. మధ్యాహ్నం భోజనాలు కూడా ఆలస్యమయ్యాయి.

చివరికి రెండు పేర్లు కనిపించాయి. ఒకటి పాతదే, దానికి కొత్త పాస్‌వర్డ్ పెట్టాం. రెండోదాని పేరు గెస్ట్. నా ఫోన్‌ను గెస్ట్‌లో చేర్చి ప్రింటర్ కోసం వెతికాను. దొరకలేదు. మళ్ళీ వెతికాను. మళ్ళీ దొరకలేదు. ప్రింటర్ దొరకనందుకు చప్పట్లు కొట్టుకున్న మొగుడూ పెళ్ళాలం ఊరు మొత్తంలో మేమే అయ్యుంటాం. నాకు నిజంగా గుండె తేలికైంది. ఆ రోజు మా ఆయనను రెండు మంచి మాటలు కూడా అన్నాను.

మామయ్యకు విషయం నేనే చెప్పాను. "మామయ్యా, ఇదిగో, ఈ గెస్టుది బయటివాళ్ళకు. ఈ పాతది మన ఇంటివాళ్ళకు. కలపకండి" అన్నాను. ఆయన టాబ్ నుంచి టీవీలో పాటలు పెట్టుకుంటారు కాబట్టి ఇంటిది కూడా ఆయనకు చెప్పక తప్పలేదు. "ఇగ నాకు ఇన్నిసార్లు చెప్పాల్నా బిడ్డా, సమజైంది" అన్నారు. తర్వాత రోజుల్లో ఆయన కక్షిదారులకు గెస్ట్ పాస్‌వర్డ్ చెబుతుంటే నేను ఆఫీసులోంచి విని తృప్తిపడేదాన్ని. ఇంక ఆ సంగతే మరిచిపోయాను.

ఆ రోజుల్లోనే ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. ఆమె ఒప్పుకున్నాకే ఇదంతా రాస్తున్నాను. పుట్టిల్లు పెన్‌పహాడ్ దగ్గర. గొర్రెలు కాసుకునే కుటుంబం, ఆమె ఒక్కతే చదువుకుని సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సుగా చేస్తోంది. త్రిపురారం ఇచ్చారు. భర్త తాగి కొట్టేవాడు. ఒకరోజు దెబ్బలు తట్టుకోలేక పుట్టింటికి వచ్చేసింది. వచ్చేటప్పుడు కూతుర్ని తెచ్చుకోనివ్వలేదు. అయిదేళ్ళు కూడా నిండని పిల్ల. పిల్ల తమ దగ్గరుంటే తల్లి తనంతట తనే తిరిగొస్తుందని వాళ్ళ లెక్క. పెద్దమనుషులు కూర్చుని, శనివారం పాపను తల్లి దగ్గరికి పంపాలి, ఆదివారం సాయంత్రం తిరిగి తెచ్చుకోవాలి అని తేల్చారు. అది కూడా వాళ్ళకు బుద్ధి పుట్టినప్పుడే పంపేవాళ్ళు.

ఆమె ఏడవలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని నిదానంగా చెప్పింది. "మేడం, నాకు నగలొద్దు, సామానొద్దు. పాప నాకాడ ఉండాలె. గదొక్కటే. కానీ కేసు ఏస్తున్నమని ఆళ్లకు ముంగట తెలిస్తే పాపను పంపరు. యాడికి తీస్కపోతరో కూడ తెల్వది."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. పిల్ల తల్లి దగ్గర ఉండగా పిటిషన్ వేస్తే, పిల్ల చిన్నది కాబట్టి కోర్టు ఆమె దగ్గరే ఉండనిచ్చే అవకాశం ఎక్కువ. పిల్లను ముందే ఎక్కడైనా దాచేస్తే వెతుక్కోవడానికే నెలలు పడుతుంది. అందుకని ఒక శనివారం పాప వచ్చాక, ఆదివారం జ్వరమని చెప్పి తిరిగి పంపకుండా ఆపుకుని, సోమవారం కోర్టు తెరవగానే పిటిషన్ వేద్దామని అనుకున్నాం. అప్పటిదాకా ఎవరికీ తెలియకూడదు.

భర్త ఏం చేస్తాడని అడిగితే, మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో సూపర్‌వైజర్ అని చెప్పి మిల్లు పేరు చెప్పింది. నా చేతిలో పెన్ను ఆగింది. అది మా అన్నయ్య మిల్లు. ఆ సూపర్‌వైజర్ గురించి అన్నయ్య మా ఇంట్లో భోజనాల దగ్గర చాలాసార్లు చెప్పాడు. కుర్రతనంలోనే వచ్చి పనిలో చేరాడట, కొడుకులా చూసుకుంటాడు. తాగుడు సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు, బహుశా ఆయనకు తెలియదు. నేను దాచకుండా ఆ అమ్మాయికి చెప్పాను. "ఆ మిల్లాయన మా ఇంటి అల్లుడమ్మా. ఇంకో వకీలు దగ్గరికి వెళ్తానంటే నేనేమీ అనుకోను. నేనే మంచివాళ్ళ పేరు చెప్తాను" అన్నాను.

"ఎరికే మేడం. మీరు చెప్పరని కూడ ఎరికే" అంది.

ఆ మాటకు నాకు గర్వంగానూ ఉంది, భయంగానూ ఉంది. నేను చెప్పను. నా నోటి మీద నాకు నమ్మకముంది. మా ఆయనతో కూడా అనలేదు. పిటిషన్ నేనే టైపు చేసి ఫోల్డర్లో పెట్టాను. మా ఆఫీసులో ఫైళ్ళకు కక్షిదారు పేరు పెట్టం, అవతలి పార్టీ పేరూ ఊరూ పెడతాం. కోర్టులో పిలుపు వచ్చినప్పుడు గుమస్తాకు అలా అయితేనే గుర్తుంటుంది. కాబట్టి ఆ ఫైలు మీద త్రిపురారం అనీ, అన్నయ్య సూపర్‌వైజర్ పేరూ ఇంటిపేరుతో సహా ఉన్నాయి.

అనుకున్న శనివారానికి ముందు రోజు, శుక్రవారం మధ్యాహ్నం, పిటిషన్‌ను ఆఖరుసారి చదువుకుంటున్నాను. గుమస్తా కోర్టుకు వెళ్ళాడు. ఆఫీసులో నేనొక్కదాన్నే. ఉన్నట్టుండి ప్రింటర్ మొదలైంది. నేను ఏమీ కొట్టలేదు. ఒక కాగితం బయటికొచ్చింది. తీసి చూస్తే లారీ నంబరు, బస్తాలు, తేమ శాతం.

హాల్లో అన్నయ్య భోజనం చేసి కూర్చున్నాడని నాకు తెలుసు. నేనే వడ్డించాను. కానీ గెస్ట్‌లో ఉన్న మనిషికి ఈ ప్రింటర్ కనిపించకూడదు. కనిపించిందంటే ఆయన గెస్ట్‌లో లేడు. లోపల ఉన్నాడు. ప్రింటర్ కనిపించిన మనిషికి దాని పక్కనే నా ఫోల్డర్ కూడా కనిపిస్తుంది. తన మనిషి పేరు, ఊరి పేరు, కళ్ళ ముందే.

కాగితం పట్టుకుని హాల్లోకి వెళ్ళాను. ఆయన లాప్‌టాప్ మూసి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. "వచ్చిందా చెల్లెమ్మా? నేనే లేచి వద్దామనుకుంటున్నాను. నువ్వు పనిలో ఉన్నావేమోనని ఆగాను" అన్నాడు. కాగితం అందుకున్నాడు. ఆయన ముఖంలోకి చూశాను. ఎప్పటిలాగే ఉంది. ఎప్పటిలాగే ఉందా? నాకేమీ అర్థం కాలేదు. సాక్షి అబద్ధమాడుతున్నాడో లేదో ముఖం చూసి చెప్పగలనని ఎప్పుడూ గొప్పలు పోయేదాన్ని.

వరండాలోకి వెళ్ళి మామయ్య పక్కన వంగి, "అన్నయ్యకు ఏ పాస్‌వర్డ్ ఇచ్చారు?" అని అడిగాను.

"ఇంటిదే."

"గెస్టుది ఇవ్వమని చెప్పాను కదా!"

ఆయన నా వైపు వింతగా చూశారు. "గదేందమ్మా? అల్లుడు బయటోడా? నా బిడ్డనిచ్చిన మనిషి. గాయనకు పోయి పోయి గెస్టుది ఇస్తే, నువ్వు మా ఇంటోనివి కాదు అని మొఖం మీద చెప్పినట్టు కాదా? రేపు నా బిడ్డ మొఖం ఎట్ల సూడాలె నేను?"

"ఇంకా ఎవరెవరికి ఇచ్చారు?"

"మనోళ్ళకే ఇచ్చిన. మీ తమ్మునికి, మా చిన్నాయన కొడుక్కి, మా వియ్యంకునికి. పాలాయనకు గెస్టుదే ఇచ్చిన" అన్నారు, ఆ చివరిదానికి నేను మెచ్చుకోవాలన్నట్టు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మనవాళ్ళట! ఈ ఊళ్ళో నా అవతలి పార్టీలన్నీ మనవాళ్ళే. పొలం గట్టు తగాదా తెచ్చేది మనవాళ్ళ మీదే, నోటీసు పంపేది మనవాళ్ళకే. పాలాయనకు నా ఫోల్డర్లతో ఏం పని? "మీకు చెప్పిన నాది బుద్ధి తక్కువ" అనేశాను. ఆయన ముఖం చిన్నబోయింది. ఎందుకు అంత మాట అన్నానో ఆయనకు చెప్పలేను. చెబితే ఆ గొంతుకు హాల్లో అన్నయ్యకే కాదు, మూల మీద కిరాణా దుకాణానికి కూడా వినిపిస్తుంది.

పరుగున ఆఫీసుకు వెళ్ళి ఆ ఫైలును ఫోల్డర్లోంచి తీసేశాను. పెళ్ళివారు వెళ్ళాక పందిరి వేసినట్టుంది నా పని. తర్వాత కుర్చీలో కూలబడి ఆలోచించాను. అన్నయ్యను అడగనా? ఆయన చూడకపోయి ఉంటే, నా ప్రశ్నే విషయం బయటపెడుతుంది. చూసి ఉంటే, అడిగి ప్రయోజనం లేదు. ఇంత చదువు చదివి, ఇన్ని క్రాస్ ఎగ్జామినేషన్లు చేసి, ఇంట్లో మనిషిని ఒక్క ప్రశ్న అడగలేక గదిలో కూర్చున్నాను.

కాసేపటికి అన్నయ్య లేచాడు. "ఉంటాను చెల్లెమ్మా, మిల్లు దాకా వెళ్ళాలి, సాయంత్రం లోడింగ్ ఉంది" అన్నాడు. ఆ సూపర్‌వైజర్ ఉండేది మిల్లులోనే. కారు సందు మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను.

ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. దాచడానికి నాకు మనసొప్పలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. చూశారో లేదో తెలియదని, చూసి ఉండవచ్చని చెప్పాను. దవాఖానలో ఎవరో సిస్టర్ అని పిలుస్తుంటే వినిపించింది. నన్ను తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఇగ ఏం చేస్తం మేడం. రేపు సూద్దాం. పాప వస్తే వచ్చినట్టు" అని పెట్టేసింది.

శనివారం ఎలా గడిచిందో నాకే తెలుసు. పాపను వాళ్ళ తాత బస్సులో తెచ్చి సూర్యాపేట బస్టాండులో అప్పగించి వెళ్ళడం మామూలు. మామూలుగా వచ్చే వేళ దాటింది. ఫోన్ లేదు. చేయడానికి నాకు ధైర్యం లేదు. ఏదో అయిందని మా ఆయనకు అర్థమైంది. పేర్లు చెప్పకుండా సంగతి మాత్రం చెప్పాను. "ప్రింటర్ కనిపించినంత మాత్రాన ఫోల్డర్ తెరిచాడని లేదు కదా, సంభావ్యత లెక్కన చూస్తే..." అని మొదలుపెట్టారు. "తలుపు బార్లా తీసిపెట్టి, తొంగి చూశాడా లేదా అని లెక్కలు వేస్తారేమిటి!" అని అరిచాను. ఆయన పాపం మాట్లాడకుండా వెళ్ళి అన్నం వండారు. అది కూడా మెత్తగా అయింది. మామయ్య నాతో మాట్లాడడం లేదు. నేను పలకరించే స్థితిలో లేను. ముగ్గురం మూడు మూలల కూర్చుని ఆ ముద్ద తిన్నాం.

గిన్నెలు సర్దుతుంటే ఫోన్ మోగింది. ఆ అమ్మాయి నంబరే. ఎత్తి హలో అన్నాను. వెనక ఒక చిన్న గొంతు, "అమ్మా, గొర్రెపిల్ల ఏదే? యాడుందే?" అని గట్టిగా అడుగుతోంది.

"వచ్చింది మేడం," అంది ఆమె. "బస్సు లేటయిందంట."

వంటింట్లో నేల మీదే కూర్చుండిపోయాను. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసే వచ్చాయి. మా ఆయన పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగితే, "అన్నం బాగా వండారు" అన్నాను. అంత హాయిగా నేను మళ్ళీ ఎప్పుడు ఊపిరి పీల్చానో గుర్తు లేదు. అన్నయ్య ఏమీ చూడలేదు, చూడకుండానే వెళ్ళాడు, నేనే అనవసరంగా భయపడ్డాను అని తేల్చుకున్నాను.

సోమవారం పిటిషన్ వేశాం. తుది తీర్పు వచ్చేదాకా పాప తల్లి దగ్గరే ఉండాలని, తండ్రి వచ్చి చూసి పోవచ్చని కోర్టు చెప్పింది. ఆమె కోర్టు బయట నా చేయి పట్టుకుని వదల్లేదు. పాప మాత్రం నా నల్లకోటు గుండీలు లెక్కపెట్టే పనిలో ఉంది.

ఇంటికొచ్చి ఇంటి పాస్‌వర్డ్ మార్చేశాను. మామయ్య టాబ్‌లో నా చేత్తోనే కొట్టిచ్చాను, ఆయనకు చెప్పలేదు. ఆయన అడగలేదు. అయితే మునుపటిలా వచ్చినవాళ్ళను చూసి ఉత్సాహంగా ఫోన్ తియ్యమనడం మానేశారు. నీళ్ళు మాత్రం ఇస్తున్నారు. అది చూస్తే నాకు బాధేసింది. ఒకరోజు టీ తీసుకెళ్ళి పక్కన కూర్చుని, "ఆ రోజు కోపంలో అన్నాను మామయ్యా, నా కేసుల భయం నాది" అని చెప్పాను. "నీ కేసులు నాకేం తెలుస్తయి బిడ్డా. మనిషిని మనిషిగ చూడాలె అనుకున్న, అంతే" అన్నారు. టీ తాగారు. సర్దుకుంది.

కొన్ని వారాలకు అన్నయ్య వచ్చాడు. ఈ మధ్యలో ఆయన మా ఇంటికి రాలేదు. కోదాడ నుంచి ఎటు వెళ్ళినా మా ఇంటి మీదుగానే వెళ్ళే మనిషి. ఆ సూపర్‌వైజర్‌కు నోటీసు చేరి ఉంటుంది, అన్నయ్య దాని మీద వకీలుగా నా పేరు చూసి ఉంటాడు, కోపం వచ్చి ఉంటుంది అనుకున్నాను. దానికి నేను సిద్ధంగానే ఉన్నాను. కేసు వేయడం నా వృత్తి. భోజనం దగ్గర మాత్రం ఆయన ఏమీ అనలేదు. తక్కువ తిన్నాడు. లాప్‌టాప్ తెరవబోతే వరండాలోంచి మామయ్య, "బిడ్డా, అల్లునికి పాస్‌వర్డ్ చెప్పు, మారిందట కదా" అన్నారు. ఏది చెప్పమంటారో ఆయన అనలేదు, నేను అడగలేదు.

"ఉండండి మామయ్యా" అని అన్నయ్య లాప్‌టాప్ చేతిలో పట్టుకుని నా ఆఫీసు గదిలోకి వచ్చాడు. ఆ గదిలోకి ఆయన ఎప్పుడూ రాడు. తలుపు దగ్గరగా వేశాడు.

"చెల్లెమ్మా, ఆ రోజు నేను చూశాను" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను.

"ప్రింటర్ కోసం వెతుకుతుంటే వాడి పేరు కనపడింది. తెరవకూడదు. తెరిచాను. మొదటి పేజీ చదివి మూసేశాను. వాడు తాగి కొడతాడని నాకు అప్పటిదాకా తెలియదమ్మా. నా ముందు అంత వినయంగా ఉండేవాడు."

"మరి..." అన్నాను.

"సాయంత్రం మిల్లులో దిగగానే వాడే ఎదురొచ్చాడు. రేపు మా ఇంట్లో చిన్న ఫంక్షన్ ఉంది సార్, పాపను వాళ్ళమ్మ దగ్గరికి పంపకుండా ఈ వారం ఆపమంటారా అని అడిగాడు. వాడు ప్రతిదీ నన్నే అడుగుతాడు. నేను కారు తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఏదో ఒకటి చెప్పాలి కదా."

"ఏం చెప్పారు అన్నయ్యా?"

"పంపించరా, తల్లి కదా అన్నాను."

ఆయన కిటికీ వైపు చూస్తూ మాట్లాడాడు. "చేసింది తప్పని నేను అనుకోవట్లేదు. ఆ పిల్ల తల్లి దగ్గరే ఉండాలి. కానీ వాడు ఇప్పటికీ రోజూ నా ముందు కూర్చుని అంటాడు, మీరు చెప్పారనే పంపాను సార్, ఇట్లా జరుగుతుందని మీకు మాత్రం ఏం తెలుసు అని. నన్నే ఓదారుస్తాడమ్మా వాడు. నేను తల ఊపుతాను. అన్నం సయించట్లేదు."

ఆ శనివారం వంటింట్లో నేను ఏడ్చి నవ్విన సంతోషం ఎవరి చేతి మీదుగా వచ్చిందో అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ నా ఫైళ్ళను కాపాడుకోవాలనే చూశాను. ఆ ఫైలు చూసిన మనిషి దాన్ని ఎలా మోస్తాడో ఆలోచించనే లేదు. "మీరు ఆ పిల్లను కాపాడారు అన్నయ్యా" అన్నాను. నిజమే అన్నాను గానీ, అది ఆయనకు చాలదని అంటున్నప్పుడే తెలుస్తోంది.

ఆయన లాప్‌టాప్ తెరిచి నా బల్ల మీద పెట్టాడు. "నాకు ఇంటివాళ్ళది వద్దమ్మా. ఆ గెస్టుదే కొట్టు" అన్నాడు.

కొట్టాను. ఆయన వంగి ఒకసారి నెట్‌వర్క్ తెరిచి చూసుకున్నాడు. అందులో ప్రింటర్ లేదు, ఫోల్డర్లు లేవు, ఎవరి పేరూ లేదు.

"ఏమీ కనపడట్లేదు చెల్లెమ్మా" అన్నాడు. వచ్చినప్పటి నుంచి ఆయన ముఖంలో నవ్వు చూడడం అదే మొదటిసారి.

వరండాలోంచి మామయ్య గొంతు వినిపించింది. "కనెక్టయిందా అల్లుడూ?"

"అయింది మామయ్యా" అన్నాడు అన్నయ్య. ఏ పాస్‌వర్డో మాత్రం చెప్పలేదు.